చుక్క చుక్కను దాటిపోయిన రోజు

సాలూరు

చెల్లి సుగుణకు మీ అప్ప దీవెనలు.

దేవుని కృపవల్ల ఇక్కడ అందరం బాగున్నాం, నా మోకాలు తప్ప అని రాద్దామనుకున్నాను గాని, అది కూడా బాగుంది. కుదురు లేనిది నా మనసొక్కటే. నువ్వెలా ఉన్నావు? బీపీ మాత్రలు వేసుకుంటున్నావా, సీసాలో వాటిని చూసి తృప్తి పడుతున్నావా? మరిది దగ్గు తగ్గిందా?

ఆపరేషన్ అయ్యాక కోలుకునేదాకా ఉండమని అబ్బాయి నన్ను కళింగపట్నం నుంచి తెచ్చాడు. కోలుకున్నాను. ఇంకా ఉన్నాను. ఇక్కడ తెల్లవారితే అలల చప్పుడుకు బదులు లారీ హారన్లు. మబ్బులు కొండమీద కూర్చుని కురుద్దామా వద్దా అని రోజంతా ఆలోచిస్తాయి. చేపలకూర వండుతారు, ఐసులో వచ్చిన చేప. పాపం, దాని ఊరు దానికే గుర్తులేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికెళ్లాలో తోచదు. గుమ్మందాకా వెళ్లి తిరిగొస్తాను. "ఏటి కావాలత్తా?" అంటుంది కోడలు. తెలిస్తే ఎందుకు తిరుగుతాను?

అబ్బాయికి నడుం పట్టేశాక లారీల పని మనవరాలు జ్యోతి చూస్తోంది. ఆ పిల్లను తక్కువ చేసి రాయను. వాళ్ల నాన్న కాలంలో లారీ గేటు దాటితే దేవుడికి అప్పగించినట్టే. ఎక్కడుందో తెలియాలంటే దారిలోని దాబాలన్నిటికీ ఫోన్లు చేయాలి. ఇప్పుడు ప్రతి బండికీ చిన్న పెట్టె బిగించింది. ఆఫీసు గోడకు పెద్ద తెర, అందులో రోడ్లు, రోడ్లమీద మన లారీలు చుక్కలై పాకుతాయి. నడిచే బండి పచ్చచుక్క, ఆగితే ఎర్రచుక్క. సరుకు దింపగానే డ్రైవరు ఫోటో పంపాలి, అది క్షణంలో షావుకారుకు చేరుతుంది. డీజిలు దొంగతనం పోయింది, షావుకార్ల తిట్లు పోయాయి. కాకపోతే చెప్పకుండా ఆగితే డ్రైవరు బత్తాలో కోత. నడుపుతూ ఫోనెత్తినా కోత. నేను హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నన్నాళ్లూ ఇంత హాజరు చూడలేదు.

నాకు తోచడం లేదని నన్నూ ఆ తెర ముందు కూర్చోబెట్టింది.

పోయిన వారం మధ్యాహ్నం వానలో, మన గంగులు సిమెంటు లోడుతో ఒడిశా వైపు ఘాట్ ఎక్కుతున్నాడు. నా ట్రంకుపెట్టె మోసుకొచ్చిన గంగులే. అతని చుక్క ఎర్రబడింది. వెంటనే జ్యోతికి ఫోను.

"అమ్మా, బ్రేకుకి గాలి నిలవట్నేదు. మలుపులో ఆపేసినాను. సెక్రాలకి రాళ్ళెట్టినాను గాని బండి ఎనక్కి జారతన్నాది..."

అంతే, మాట ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచ్చాఫ్. జ్యోతి తెర చూసి, "మామ్మా, సూరిబాబు ఎనకాలే ఉన్నాడు! ఇంకేటి భయం నేదు" అంది.

నిజమే. సూరిబాబూ మన డ్రైవరే. ఘాట్‌లో నిలిచిపోయిన బండిని ఎవరూ దాటిపోరు, అది ఇక్కడి లారీవాళ్ల కట్టుబాటు. పరాయి బండైనా సరే, వెనకొచ్చినవాడు దిగి, రాళ్లేసి, ముందువాణ్ణి కదిలించాకే తన దారి. పచ్చచుక్క వచ్చింది. ఎర్రచుక్కను ఆనుకుంది. "స్తోత్రం" అన్నాను. ఇంతలో పచ్చచుక్క అటువైపు తేలి, పైకి పాకుతూ పోయింది.

జ్యోతి సూరిబాబుకు ఫోను చేసింది. ఎత్తలేదు. నడుపుతూ ఎత్తకూడదు కదా.

తెలిసిన ప్రార్థనలన్నీ సగం సగం చేశాను. జ్యోతి ఎవరెవరికో ఫోన్లు చేస్తూనే ఉంది. "సుక్క కదల్లేదు కదా మామ్మా, బండి జారనట్టే" అంది. "చుక్క కింద మనిషి కనబడతాడా?" అన్నాను. ఆ పిల్ల ఏడ్చింది.

సాయంత్రం ఏదో కొత్త నంబరు. "గంగుల్నమ్మా. ఒడిశా బండోళ్ళు ఆగి గొలుసేసి లాగినారు. ఆల్ల బాస నాకు రాదు, నా బాస ఆల్లకి రాదు. తిట్లు మాత్రం కలిసినాయి."

మర్నాడు ఇద్దరూ వచ్చారు. జ్యోతి సూరిబాబుమీద పడింది. "మనోడి బండి అగుపడనేదేట్రా?"

"అగుపడ్డాదమ్మా. గంగులు బావ సెయ్యి కూడా ఊపినాడు. మొన్న ఎవుడికో టైరు మార్చడానికి ఆగితే బత్తా కోసేసినారు కదా."

"ఒరే, టాటా సెప్తన్నాననుకున్నావేట్రా?" అన్నాడు గంగులు. సూరిబాబు తల ఎత్తలేదు. జ్యోతీ ఎత్తలేదు.

ఆ పూటే సూరిబాబుకు కోసిన బత్తా తిరిగిచ్చి, కంప్యూటరు ముందు కూర్చుంది. ఇప్పుడు డ్రైవరు తన ఫోనులో ఒక మీట నొక్కితే చుక్క పసుపురంగవుతుంది: సాయానికి ఆగాడని. దానికి కోత లేదు. రెండు రోజులు కాకుండానే ఒక పసుపుచుక్క గంగులు అత్తారింటి ముందు నిలబడింది. జ్యోతి అడిగితే, "మా అత్తకి సాయం సేస్తన్నానమ్మా" అన్నాడట. ఈసారికి వదిలేసింది.

సుగుణా, నేను వచ్చేస్తున్నాను. అబ్బాయి వద్దంటున్నాడు, వద్దననీ. వచ్చే వారం ఎండుచేపల లోడుకు గంగులు కళింగపట్నం వస్తాడు, ముందు సీటు నాది. అక్కడ మాత్రం ఎన్నాళ్లు కుదురుగా ఉంటానో అడక్కు. నా గది దులిపించు. పాస్టరుగారికి నా వందనాలు చెప్పి, ఘాట్ ఎక్కేవాళ్ల కోసం ఆదివారం ప్రార్థించమను. మరిదికి, పిల్లలకు దీవెనలు.

జ్యోతి నీ ఫోనుకు లింకు పంపుతుంది, నొక్కితే మా చుక్క కనబడుతుంది. ఎర్రగా ఆగితే నాకు టీ అని అర్థం. పసుపుగా ఆగితే కంగారుపడి ఫోన్లు చేయకు. దారిలో ఎవరిదో బండి నిలిచిపోయి ఉంటుంది. గంగులు దిగి రాళ్లు వేస్తుంటాడు, నేను సీట్లోంచి అతని తప్పులు దిద్దుతుంటాను. అన్నం మీద మూతపెట్టి ఉంచు.

నీ అప్ప
కరుణమ్మ