ఆ రెండేసి పట్టీలు

నాన్నా,

లక్ష్మీకామేశ్వరి గారి పాత కారు వెనక కమానుల్లో, నన్నొక్క మాట అడక్కుండా, ఒక్కోదానికి రెండేసి ఇనప పట్టీలు అదనంగా ఎక్కించేశావు. ఆవిడ నడుం పడిపోయింది. మంచం మీంచి లేవలేకపోతున్నారు. ఇక్కడంతా బాగున్నామని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఫోన్లో అయితే నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను. చెల్లి దుర్గ చదివి వినిపిస్తుంది. మధ్యలో లేచిపోకు.

మొన్నటి చీటీలో "ఊగుతున్న బండికి బలం సేస్తే తప్పేటే?" అని అడిగించావు. తప్పే. నలభై ఏళ్ళుగా గజపతినగరంలో లారీలకీ ట్రాక్టర్ ట్రక్కులకీ కమానులు కడుతున్నావు. వాటి మీద ధాన్యం బస్తాలు కూర్చుంటాయి. బస్తాలకి నడుం ఉండదు. ఈ కారు ఆవిడ తండ్రి స్వాతంత్ర్యానికి ముందు కొన్నది. వెనక సీట్లో కూర్చునేది ఒక్క మనిషి, వెన్నుపూసలరిగిన వీణ టీచరు. అందులో ఒక్కసారి రామతీర్థం వెళ్ళిరావాలని ఆవిడ ఆశ.

ఈ పని నాకెవరూ నేర్పలేదు. నువ్వూ నేర్పలేదు. కమాను కట్ట విప్పి, తుప్పు గీకి, పట్టీకీ పట్టీకీ మధ్య గ్రీజు పూసి, ఎవరో ఎప్పుడో అదనంగా వేసినవి తీసేశాను. వెనక సీట్లో నీళ్ళ గిన్నె పెట్టి విజయనగరం కోట చుట్టూ, ఆగినప్పుడల్లా సరిచేస్తూ, పదిసార్లు తిప్పించాను. మొదటిసారి గిన్నె బోర్లాపడింది. పదోసారి కదల్లేదు. గతుకు దాటాక బండి ఇంకా కాస్త ఊగుతోంది, నిజమే. ఊగితే, ఆ ఊపుని అణిచే షాకులు బిగించాలి, పట్టీలు వెయ్యకూడదు. అది మర్నాటి పని. ఆ మర్నాడే నాకు జ్వరం వచ్చింది, వాళ్ళ డ్రైవరు గిరిబాబు నిన్ను పిలిచాడు.

నువ్వన్న మాట అతనే చెప్పాడు. "ఆడపిల్ల సేసిన పనిరా, మెత్తగానే ఉంటాది. ఇప్పుడు సూడు, రాయిలాగుంటాది." రాయిలాగే ఉంది నాన్నా. రామతీర్థం దారిలో ఒకే ఒక్క గుంత.

ఇంకో సంగతి రాయలేక ఇంతసేపూ తిప్పుతున్నాను. వాళ్ళబ్బాయి ఉదయభాస్కర్ గారు వాళ్ళింటి కారు షెడ్డులో అందరి ముందూ "ఎవరు పాడుచేశారు?" అని అడిగారు. "నేనే" అన్నాను. నీ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ముగ్గురు అక్కడే ఉన్నారు. వాళ్ళ ముందు నీ పేరు నా నోటికి రాలేదు. గిరిబాబు నేలచూపులు చూశాడు.

మర్నాడు నిజం చెప్పబోతే "తప్పు మీ నాన్న మీదకి తోస్తావామ్మా?" అన్నారు. పట్టీలు తీసెయ్యమంటే "విప్పితే మీ నాన్న సోములే విప్పాలి, నువ్వు ముట్టుకోకు" అని షెడ్డుకి తాళం వేశారు. సోమవారం ఆవిడని అదే కారులో విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్తారట. సీటు వెడల్పు, పడుకోబెట్టొచ్చట. అంత దూరం, ఆ రాయి మీద! గేటు బయట నిలబడి అరిచాను. కుక్క తప్ప ఎవరూ పలకలేదు.

ఆదివారం తొలి బస్సుకి రా. పట్టీలు తీసి, నేను చెప్పినంత మేరకే షాకులు బిగించు. తర్వాత ఆవిడ మంచం దగ్గర నిలబడి, వేసింది నువ్వేనని నీ నోటితో చెప్పు. వస్తావో రావో శనివారం పొద్దుగూకేలోగా నాకు తెలియాలి.

ఇట్లు,
నీ పెద్దకూతురు
తులసి