మేకపిల్ల ఛాతీలో గ్రంథి

సురంగల్, మంగళవారం

నా భార్యకు రెప్పలు వాలిపోతున్నాయి, బువ్వ మింగుడుపడటం లేదు. పట్నం దవాఖానలో చూపిస్తే, ఛాతీలోని థైమస్ గ్రంథి పెరగడం వల్లే ఇదంతానట, కోసి తీయాలట. డాక్టరమ్మ అంతటితో ఊరుకోక, "వెనుకట పిల్లలకది పెద్దగుంటే డాక్టర్లు రోగమనుకొని, ఎక్స్‌రేలతోని కరగబెట్టిండ్రు తాతా" అన్నది. నాకు మండింది. అజీజ్‌నగర్ ఫాంహౌసుల్లో సాఫ్ట్‌వేర్ వాళ్ళ దావతులకు మేకలు కోసేవాణ్ణి నేను. "మేకపిల్లకు పెద్దగుంటది, ముసలి మేకకు కరుగుతది. గంత తెల్వనోళ్లను ఎట్ల నమ్మాలె?" అని సంతకం కాగితం విసిరేశాను.

నా భార్య వేలితో రెప్ప ఎత్తి నన్ను చూసింది. "నమ్మకుంటే నువ్వే కొయ్యి" అని, కాగితం తీసుకుని తనే వేలిముద్ర వేసింది.

రేపే ఆపరేషన్. ఆ గ్రంథిని నేను కళ్ళు మూసుకుని తీయగలను. కానీ బతికున్నదాని నుంచి ఎన్నడూ తీయలేదు.