స్లాబు కింద పొంగిన పాలు

కచ్,
జెండా పండగ, సాయంత్రం

అక్కా,

నీకూ బావకూ నమస్కారాలు. దూడతో సహా మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావ దగ్గు తగ్గిందా? సారపాక మిల్లుకు పోతున్నాడా, దగ్గు పేరు చెప్పి ఇంట్లోనే కూర్చున్నాడా?

నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను. చలి మాత్రం ఎముకలు కొరుకుతోంది. సజ్జరొట్టెలు తిని తిని నోరు చవి చచ్చింది. మేస్త్రీ తమ్ముడు సత్తుపల్లి నుంచి వస్తాడట, అతని చేతికి కాస్త చింతపండు, కారం పంపు.

వేసవికి వచ్చి మీ తాటాకు ఇల్లు తీసి స్లాబు వేస్తానన్నాను. నువ్వు రెండుసార్లు అడిగినా జవాబు రాయలేదు. కోపం వచ్చే ఉంటుంది. అక్కా, నాకు స్లాబంటే భయం పట్టుకుంది. భూకంపంలో కూలిన ఇళ్ల చోటే కొత్తవి కడుతున్నాం కదా. పగలంతా కడతాను, పొద్దుగూకితే చాప తీసుకుని ఇసుక కుప్ప మీద పడుకోవడానికి పోతాను.

ఈమధ్య పూర్తయిన ఇల్లు ఒక ముసలమ్మది. అందరూ బా అంటారు, వాళ్ల భాషలో అమ్మ అని. రెండేళ్ల కిందట ఇదే జెండా పండగ నాడు మనవరాలికి జడ వేసి, వాకిట్లో నిలబడి బడికి సాగనంపింది. అంతలో వెనక ఇల్లు కూలింది. కొడుకూ కోడలూ పోయారు, బడి దారిలో ఉన్న మనవరాలు బతికింది. అప్పటినుంచి ఏ కప్పు కిందికీ పోదు. కొత్తింటి ముందే మంచం వేసుకుంది.

పొద్దున్నే మేస్త్రీ నన్ను పట్టుకున్నాడు.

"ముత్తయ్యా, ఇయ్యాల బా ఇంట్లనే ఉండి చాయ్ కాయి. కట్టినోడే లోపలుంటే ముసలామెకు ధైర్నం వస్తది."

"నేనా?"

"అవ్, నువ్వే. ఏంది, నువ్వేసిన స్లాబు మీద నీకే నమ్మకం లేదా?"

పరువు కోసం పోయి పొయ్యి మీద పాలు పెట్టాను. బడి దగ్గర డోలు మోగుతోంది, ఇక్కడ వీధిలో పోయినవాళ్లను తలుచుకుని ఏడుపులు. సరిగ్గా భూకంపం వచ్చిన ఆ గడియకే గిన్నెలు గలగలలాడాయి, నేల అదిరింది. "అమ్మో!" అని బా మంచం దాటుకుని వీధిలోకి ఉరికాను. రాళ్ల లారీ అక్కా! రోజూ తిరిగే లారీ, ఆ గడియకే రావాలా?

బా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. అంతలో మాడు వాసన. పాలు! నేను వీధిలోనే ఉండిపోయాను. ఆమే నన్ను తిట్టుకుంటూ లేచి, చరచరా లోపలికి పోయి గిన్నె దించింది. దించాక గాని తానెక్కడుందో ఆమెకు తెలియలేదు. గోడ పట్టుకుని ఏడ్చింది. గుమ్మంలో నిలబడి నేనూ ఏడ్చాను.

మా వైపు కొత్తింట్లో పాలు పొంగించే కాపురం పెడతామని వచ్చీరాని హిందీలో చెప్పాను. కళ్లు తుడుచుకుని, మంచం లోపలికి తెమ్మంది.

వేసవికి వస్తాను అక్కా. స్లాబు వేస్తాను. పాలు మాత్రం నువ్వే పెట్టు. పెద్దమ్మకు నా దండాలు చెప్పి, నన్ను దీవించమను. పిల్లలకు ముద్దులు.

ఇది బా ఇంట్లో కూర్చునే రాస్తున్నాను. తలుపు మాత్రం తెరిచే పెట్టుకున్నాను.

నీ తమ్ముడు,
ముత్తయ్య