పుణ్యమ్మ దారిబత్తెం

మణికొండ,
ఆదివారం.

అత్తయ్యగారికి సంయుక్త నమస్కారాలు.

పొద్దున ఫోనులో "ఆ డబ్బా తెరవకండి, ఎవరికీ పెట్టకండి" అని మాత్రం చెప్పి పెట్టేశాను. మీరు ఎందుకని అడుగుతూనే ఉన్నారు. బస్సులో మీ చుట్టూ యాత్రకొచ్చినవాళ్ళంతా ఉంటారు, స్పీకరు పెట్టుకుని మాట్లాడటం మీకు అలవాటు. అందుకే కాగితం మీద రాసి, ఫొటోలు తీసి మీ ఫోనుకి పంపుతున్నాను. ఒక్కరే ఉన్నప్పుడు చదవండి.

మా ఆఫీసులో శ్రీలత అని నాతోపాటు పనిచేస్తుంది. స్నేహితులతో కారులో గోకర్ణం వెళ్తూ కొండాపూర్‌లో మన అన్నం ప్యాకెట్లు కొనుక్కుంది. తిరిగొచ్చాక, "మీ సాంబారన్నం బెలూన్‌లా ఉబ్బిందే, దారిలోనే పారేశాం" అని నవ్వుతూ చెప్పింది. ఇంట్లో లోహిత్‌ని అడిగితే ఒకటీ అరా అలా అవుతాయన్నాడు. నాకు మనసొప్పలేదు. నిన్న సెలవు కదా అని, చెప్పకుండా ప్రగతి నగర్‌లో మన వంట షెడ్డుకి వెళ్ళాను.

తలుపు తీయగానే వాసన కొట్టింది. పులిసిన గంజి, తడి గోనె, చచ్చిన ఎలుక, వాటన్నిటి మీదా నిమ్మకాయ. దుకాణాల నుంచి వెనక్కొచ్చిన ప్యాకెట్లు గోడవారన గుట్టగా పోసి ఉన్నాయి. ఒక్కొక్కటీ నీళ్ళలో నానిన శవంలా ఉబ్బి ఉంది. ప్రతిదాని మీదా "పుణ్యమ్మ దారిబత్తెం" అన్న అక్షరాలు, వాటి పక్కన మీ ఫొటో. జరీ అంచు చీరలో మీరు నవ్వుతున్న ఫొటోయే. సంచి ఉబ్బి బుగ్గలు సాగిపోయాయి, నోరు వంకరపోయింది.

పనిచేసే నీలమ్మ, లచ్చమ్మ ఆ గుట్ట ముందు కూర్చుని కత్తెరలతో ప్యాకెట్లు కోస్తున్నారు. కోసినప్పుడల్లా ఉస్సుమని గాలి వస్తోంది. లోపలి అన్నం జిగురుగా సాగుతూ గంగాళంలో పడుతోంది. పైన నురగ, నురగలో కరివేపాకు రెబ్బలు.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

నీలమ్మ ముక్కుకి కట్టుకున్న కొంగు విప్పకుండానే జవాబిచ్చింది. "వాపసొచ్చినయమ్మా. మల్ల ఉడకబెట్టి, నిమ్మకాయ పిండి, కారం ఏసి కొత్త సంచులల్ల నింపమన్నడు సారు. తారీకు గూడ కొత్తదే కొడ్తరు."

"ఎప్పటినుంచి?"

"ఎండకాలం సంది."

లచ్చమ్మ తలెత్తలేదు. "మేమైతే ఇండ్లకు కొంచవోమమ్మా. మా పిల్లలకు పెట్టం," అంది.

నేను బయటికొచ్చి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మీ అబ్బాయి భోంచేస్తున్నాడు. పొద్దున నేను చేసి పెట్టి వెళ్ళిన వంకాయ కూర కలుపుకుంటున్నాడు. షెడ్డుకెళ్ళొచ్చానని చెప్పినా ముద్ద ఆపలేదు.

"నీలమ్మ ఫోను చేసిందిలే. అంత కంగారు దేనికి సంయుక్తా? మళ్ళీ మరిగిస్తున్నాంగా. మరిగితే అన్నీ చస్తాయి."

"ప్యాకెట్లని ఆవిరి యంత్రంలో ఉంచాల్సినంతసేపు ఉంచితే అసలు పాడే కావు కదా."

"అంతసేపు ఉంచితే ఆర్డర్లు ఎప్పటికి తెమలాలి? కొన్ని ఉబ్బుతాయి, వాటిని సర్దుకోవాలి. ఈ వ్యాపారంలో అందరూ చేసేదే."

"జనం తినేది, లోహిత్."

"మనం తినట్లేదుగా," అన్నాడు.

అప్పుడు మీరు గుర్తొచ్చారు. మొన్న బస్సెక్కేటప్పుడు మీరు ముచ్చటపడి తీసుకెళ్ళిన ప్యాకెట్ల డబ్బాలో ఉన్నవి కొత్తవా, మళ్ళీ నింపినవా అని అడిగాను. అతను చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. కుళాయి కింద చాలాసేపు వేళ్ళు రుద్దుకున్నాడు. "కలిసి ఉంటే ఉండొచ్చు, ఏవో కొన్ని. అమ్మ రాయి తిని అరిగించుకునే మనిషి," అన్నాడు. ఆ చేతులు తుడుచుకుని నా భుజం మీద వేయబోయాడు. నా ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది. పక్కకి తప్పుకున్నాను.

అత్తయ్యగారూ, పెళ్ళయిన కొత్తలో మీ వంటింట్లో నేను నేర్చుకున్నవి నిన్నంతా గుర్తొచ్చాయి. మావయ్యగారు కాలవల సర్వేకని వారాల తరబడి ఊళ్ళు తిరిగినప్పుడు మీరు కట్టి పంపినవన్నీ చేసి చూపించేవారు. పులిహోరని పళ్ళెంలో ఆరబోసి, అడుగు చల్లారిందో లేదో వేలితో చూసేవారు. వేడి మీద మూతేస్తే చెమట పడుతుంది, చెమట పడితే బూజు పడుతుంది అనేవారు. అన్నంలో పాలు పోసి చిటికెడు పెరుగు కలిపి కడితే, తినే వేళకి కమ్మటి పెరుగన్నం అవుతుందని చెప్పారు. కందిపొడి సీసాలో నేను తడి గరిటె పెడితే సీసా మొత్తం పారబోయించారు. ఆ రోజు నాకు కోపం వచ్చింది. మీ పేరు పెట్టి మీ కొడుకు ఇప్పుడు ఏం అమ్ముతున్నాడో చూశాక ఆ కోపానికి సిగ్గేసింది.

రేపు ఆహార భద్రత అధికారులకి ఫిర్యాదు ఇస్తున్నాను. ప్యాకెట్ మీద పేరూ మొహమూ మీవి. పేపర్లో పడితే మీ ఫొటోయే పడుతుంది. అందుకే ముందుగా మీకు చెప్తున్నాను, అనుమతి అడగడం లేదు. బట్టలు సర్దుకుని శ్రీలత గదికి వెళ్తున్నాను. ఈ ఇంట్లో మంచినీళ్ళు తాగాలన్నా రోతగా ఉంది.

మీ కోడలు,
సంయుక్త


ఓంకారేశ్వర్,
మంగళవారం.

అమ్మాయి సంయుక్తని దీవించి రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రోతగా అనిపించింది. షెడ్డు వల్ల కాదు, నీ రాత వల్ల. కట్టుకున్నవాడు చెయ్యి కడుక్కోవడం కూడా కాగితం మీద పెట్టే ఆడదాన్ని ఇంతవరకూ చూడలేదు. వాడి చెయ్యి తగిలితే జెర్రి పాకినట్టుందని వాడి తల్లికే రాస్తావా?

నువ్వు వద్దన్నావని డబ్బా సీటు కింద పెట్టించాను. ఆ తరవాత లోహిత్ ఫోను చేశాడు. "అమ్మా, నీకు పాడైంది ఇస్తానా? ఆ డబ్బా నేనే దగ్గరుండి కట్టించాను. సంయుక్తకి ఈ మధ్య నామీద కోపంగా ఉంది," అన్నాడు. కన్నవాడి మాట కాదని ఎవరి మాట నమ్మమంటావు? నిన్న దారిలో టైరు పేలి బస్సు ఆగిపోయింది. చుట్టుపక్కల హోటలన్నది లేదు. పెద్దవాళ్ళు ఆకలితో సొమ్మసిల్లుతుంటే నేనే డబ్బా తెరిచి సాంబారన్నం పంచాను. నిమ్మకాయ కాస్త ఎక్కువైందనిపించింది, అంతే. బస్సంతా "పుణ్యమ్మగారి చెయ్యి" అని మెచ్చుకుంది. అడిగినవాళ్ళకి మారు కూడా వడ్డించాను.

ఫిర్యాదు మాట ఇక ఎత్తకు. మీ మావయ్యగారు ఎన్ని ఊళ్ళు తిరిగినా నేను కట్టిన గిన్నె తప్ప బయట ఎంగిలిపడని మనిషి. ఆయన పోయాక ఆ పనికి ఒక పేరొచ్చిందనుకుంటే, దాన్ని నువ్వు బజారుకీడుస్తానంటున్నావు. వాడు పొరపాటు చేసి ఉంటే నేనొచ్చి నాలుగు చీవాట్లు పెట్టి సరిచేస్తాను. గుట్టుగా ఉండు. ఇంటికి వెళ్ళు.

నా పక్క సీటు సీతాబాయికి రాత్రి నుంచి విరేచనాలు. నీళ్ళు మారాయి కదా, తగ్గిపోతుంది.

మీ అత్తయ్య,
పుణ్యవతి


ఖాండ్వా,
ఆదివారం.

తల్లీ సంయుక్తా,

నీళ్ళు మారడం వల్ల కాదు.

ఆ ఉత్తరం నీకు పంపిన సాయంత్రానికే బస్సులో సగంమంది పడిపోయారు. మిగతావాళ్ళు మాత్రలతో తేరుకున్నారు. సీతాబాయి తేరుకోలేదు. కళ్ళు గుంటలుపడి, నాలుక పిడచకట్టి, నా ఒళ్ళోనే వాంతి చేసుకుంది. ఆ వాంతి వాసన నీ ఉత్తరంలో ఉన్న వాసనే. పైన నిమ్మకాయ, కింద కుళ్ళు. నా చీరంతా అదే. అప్పుడు కూడా నా బుద్ధి ఒప్పుకోలేదు. ఖాండ్వా ఆసుపత్రిలో ఆమెని చేర్చాక వరండాలో కూర్చుని, మిగిలిన ప్యాకెట్ ఒకటి నా చేతులతో నేనే చించాను. నా మొహం మధ్యలోంచి చినిగింది. అన్నంలో వేలు పెడితే దారంలా సాగింది. ఎన్ని వేల గిన్నెలు కట్టిన చేతులమ్మా ఇవి. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే దానికేమైందో తెలిసింది. వడ్డించిన రోజున కూడా తెలిసే ఉంటుంది. అందరూ పొగుడుతుంటే తెలుసుకోబుద్ధి కాలేదు.

డాక్టరు ఏం తిన్నారని అడిగాడు. నేను పెట్టిందే తిన్నారని చెప్పి, తెరవని ప్యాకెట్లు ఆయన చేతికిచ్చాను. తరవాత బస్సు దగ్గరికెళ్ళి, డ్రైవరు దగ్గర మైకు తీసుకుని అందరికీ చెప్పాను. పాడైందని కోడలు ముందే చెప్పినా వినకుండా పెట్టానని చెప్పాను. ఎవరూ ఒక్క మాట తిట్టలేదు. ఒకావిడ మాత్రం నా పక్కన పెట్టిన తన నీళ్ళ సీసాని తీసి దూరంగా పెట్టుకుంది.

నిన్న లోహిత్ విమానంలో ఇండోర్ దిగి కారులో ఇక్కడికొచ్చాడు. సీతాబాయిని చూడటానికి రాలేదు. నువ్వు సోమవారమే ఫిర్యాదు ఇచ్చావట, షెడ్డుకి సీలు వేశారట. వాడికీ నాకూ తెలియకుండా షెడ్డులో నువ్వే ఇదంతా చేయించావని నేను సంతకం పెట్టాలట. కాగితం టైపు చేయించి తెచ్చాడు.

"నీ పేరు నిలబడాలంటే ఇదొక్కటే దారమ్మా," అన్నాడు.

"లోపల మనిషి చావుబతుకుల్లో ఉందిరా."

"ఆవిడెవరో నాకేం తెలుసు?"

"నాకు తెలుసు. నా చేతి ముద్ద తిన్న మనిషి."

వాడు కాగితం ఇంకాస్త ముందుకి జరిపాడు. నేను ఆసుపత్రి వెనకున్న ధర్మశాల నుంచి తెచ్చుకున్న పళ్ళెంలో, నా దగ్గర ఉంచుకున్న ప్యాకెట్ ఒకటి విప్పి వాడి ముందు పెట్టాను. "ఇది నువ్వు దగ్గరుండి కట్టించిందే కదా. ఒక్క ముద్ద తిను. పెడతాను సంతకం," అన్నాను. మొహం పక్కకి తిప్పుకున్నాడు. పళ్ళెం మీద ఈగ వాలితే జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "నాటకాలాడకమ్మా," అని లేచి కారెక్కి వెళ్ళిపోయాడు. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే వాంతులు దోసిట్లో పట్టినదాన్ని, ఎప్పుడూ రోత పుట్టలేదు. నిన్న ఆ జేబురుమాలు చూస్తే పుట్టింది. నువ్వు రాసిన జెర్రి ఏమిటో నాకిప్పుడు తెలిసింది. నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోలేను. వాటిని మనసులో పెట్టుకోకు అని అడిగే మొహం కూడా లేదు.

వాడు వెళ్ళాక నా వాంగ్మూలం నేనే రాసి, డాక్టరు సంతకం కూడా పెట్టించి అధికారులకి పంపాను. పేరు నాది, ఫొటో నాది, వడ్డించిన చెయ్యి నాది అని రాశాను. ఫిర్యాదు నువ్వొక్కదానివే ఇచ్చినట్టు ఉండకూడదు. ఇంటికి వెళ్ళమన్నాను కదా, వెళ్ళకు. నేను కూడా హైదరాబాదు వచ్చాక మణికొండ రాను. శ్రీలత ఒప్పుకుంటే రెండు రోజులు మీ గదిలో ఉండి, నాకో చిన్న వాటా చూసుకుంటాను.

సీతాబాయికి ఇవాళ కాస్త నయం. కళ్ళు తెరిచి మాట్లాడింది. డాక్టరు పలచటి జావ ఇవ్వొచ్చన్నాడు. ఆ ధర్మశాలలో పొయ్యి అడిగి, బియ్యం నూక కడిగి, నీళ్ళు మరిగించి జావ కాచాను. గిన్నె బోర్లించి ఆరబెట్టి, చల్లార్చి, చిటికెడు ఉప్పు వేసి తీసుకెళ్ళాను. చెంచాతో నోటి దగ్గర పెడితే పెదాలు బిగించింది. నా మీద కోపం లేదు ఆమెకి. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నీ చేతిది వద్దక్కా. ఏమనుకోకు. నాకు ఒశం గాదు," అంది.

నర్సుని పిలిచి గిన్నె ఆమె చేతికిచ్చాను. నర్సు పెడితే కూడా తాగలేదు. ఆసుపత్రి వంటశాల నుంచి వేరే జావ తెప్పిస్తే, అది తాగింది. చివరిదాకా తాగిందో లేదో గుమ్మం బయట నిలబడి చూశాను.

ఇట్లు,
నీ పుణ్యవతి