నాకు షుగర్ లేదు

బావా,

పాలు కాచాను, గిన్నె మీద మూత తియ్యకు, పిల్లి తిరుగుతోంది. మన గోపికకు తలస్నానం చేయించు. నేను మొదటి బస్సుకు సూర్యాపేట పోతున్నాను. పది కిలోమీటర్ల పరుగు పోటీ ఈరోజే. మధ్యాహ్నానికల్లా వస్తాను.

నిన్నటి సంగతి నీకు చెప్పనేలేదు. కాలువ కట్ట మీద గొర్లు కాసే బీరన్న తాత మొదట్లో నేను ఉరుకుతుంటే చూసి రోజూ ఆపేవాడు. "ఏమైంది బిడ్డా, ఇంట్ల ఎవరికన్న బాగలేదా?" అని ఒకటే పరేషాన్. ఒకసారి ఎవరిదో బండి ఆపి, నన్ను దవాఖానకు తీసుకెళ్లమన్నాడు కూడా. నిన్న మాత్రం నన్ను దూరం నుంచే చూసి మందనంతా పక్కకు తోలాడు. ఎదురొచ్చే ట్రాక్టర్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "జర ఆగు. మా బిడ్డ ఉరుకుతుంది, తొవ్వ ఇయ్యి" అన్నాడు.

నువ్వేమో నాకు షుగర్ వచ్చిందని, డాక్టర్ చెబితేనే పొద్దున్నే నడకకు పోతున్నానని వాడకట్టంతా చెప్పావట. ఈరోజు ఎవరైనా అడిగితే, పోటీలో ఉరకడానికి పోయిందని గట్టిగా చెప్పు.

నాగరాణి

తడిసిన నా బూట్లను ఫ్యాను కింద ఆరబెట్టింది నువ్వేనని తెలుసు. అది కూడా చెప్పు.