తిరగబడ్డ పేరు

మామా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మస్కట్‌లో నేను పనిచేసే నగల దుకాణానికి పోయినవారం ఒక జర్మన్ టీచరమ్మ పాత బంగారు నాణెం తెచ్చి, అచ్చం అలాంటిదే లాకెట్టు చేయమంది. పద్నాలుగు వందల ఏళ్ల కిందట వాళ్ల వైపు కంసాలి ఎవరో తూర్పు రోమ్ చక్రవర్తి నాణెం చూసి కొట్టిన నకలట. ముఖం బాగానే కుదిరింది. చుట్టూ ఉన్న చక్రవర్తి పేరే అద్దంలో చూసినట్టు తిరగబడింది.

"అక్షరాలు ఉల్టా పడ్డయి. సరిజేసి కొట్టు తమ్మీ," అన్నాడు పక్కన కూర్చొని పనిచేసే నర్సన్న.

నాకు నీ కాసులు గుర్తొచ్చాయి. చదువు రాని నువ్వు, అచ్చులో తిప్పి చెక్కాలని తెలియక, లక్ష్మీకాసు మీది 'శ్రీ'ని చూసింది చూసినట్టే చెక్కావు. కాసులన్నీ తిరగబడ్డ శ్రీతో వచ్చాయి. వాటిని కరిగిస్తూ, "అక్షరం ఎటు మొకం బెట్టినా ఒక్కటే అనుకున్న రా. నువ్వన్న సదువుకో," అన్నావు. మర్నాడే నన్ను బడిలో వేశావు.

ఇవాళ టీచరమ్మ వచ్చి లాకెట్టు తీసుకుంది. దాని మీద పేరు తిరగబడే ఉంది. అచ్చులో నేను కావాలనే, నీలాగే, నేరుగా చెక్కాను.

ఆ కంసాలి ఎవరో ఎవరికీ తెలియదట. ఆయన తప్పును నేను చదవగలిగానంటే, అది నీ తప్పు పెట్టిన చదువే మామా.