విప్పిన మెట్టెలు

పాడేరు, 12 డిసెంబరు 1978

కాఫీ తోటల్లో కూలిరేట్ల సర్వే ఈరోజుతో ముగిసింది. మొగుడి సంపాదన ఉంటుందని పెళ్లయిన ఆడవాళ్లకు మేస్త్రీలు తక్కువ ఇస్తారు. ఊళ్లోకి రెండో బ్యాంకు వచ్చింది, దాని అప్పుతో కొత్త తోటలు లేచాయి, కూలీలకు గిరాకీ పెరిగింది. నిరుటి మీద ఆ తేడా తగ్గిందా అన్నదే నా ప్రశ్న.

ఆఖరి ఫారం రాస్తుంటే సోములమ్మ నవ్వింది.

"నిరుడు నాకు పెళ్లి కానేదని రాసీసినావు గదా బాబూ! మేస్త్రీ సూత్తాడని మెట్టెలు కొంగున ముడేసీసినాను. కొత్త తోటోళ్లు అందరికీ ఒకటే కూలి ఇత్తన్నారు, ఇప్పుడు దాపరికమేటి? అమ్మగోరు అప్పుడే కనిపెట్టీసినారు. రానేదేటి?"

"వేసవిలో పోయిందమ్మా."

"అయితే ఆయమ్మ మాటే రాయి బాబూ" అంది.

నిరుడు నాతో సర్వేకి వచ్చిన నా భార్య శారద చెప్పింది: "ఫారాలే చూస్తారేం? వాళ్ల కాలివేళ్ల మీద మెట్టెల మచ్చలు చూడండి." నేను నవ్వేశాను. ఇంకెందరిని తప్పు రాశానో; అలాగైతే నిరుటి తేడా లెక్కే తప్పు.

రేపు పొద్దున రిపోర్టు పంపను. నిరుటి ఫారాలు పట్టుకుని మళ్లీ కొండెక్కి, ఒక్కొక్కరినీ అడుగుతాను. ముందుగా వాళ్ల కాళ్లు చూస్తాను.